అక్షింతల పురుగు పిల్లలు

సంచిలో మొదట పాప బట్టలు పెట్టాను. పదకొండు నెలల పిల్లకు ఇరవై ఒక్క రోజులకు ఎన్ని జతలు కావాలో తేలక పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను. వాటి మీద నా కోడలు రేఖ చీరలు, ఆధార్ జిరాక్సు, జ్వరం మందు. ఒక పక్కకు నావి రెండు చీరలు. ఎవరి సంచి సర్దినా నాకు మా అమ్మే గుర్తొస్తుంది. నాకు ఏడేళ్లప్పుడు ఆమె ఇట్లాగే సర్దుకొని మేస్త్రీ వెంట కాలువ పనికి కొత్తకోటలో లారీ ఎక్కింది. అక్కడే ఆమె చనిపోయిన సంగతి మాకు మూడు నెలలకు తెలిసింది. పెళ్లయ్యాక మా ఆయన ఈదన్న సంచి ఏటా సర్దాను. పూణె దిక్కు మట్టిపనికి పోయి ఏడు నెలలకు వచ్చేవాడు. వచ్చేదాకా రోడ్డు మీద లారీ ఆగితే నా గుండె ఆగేది. తోట పెట్టుకున్నాక ఆయన పోవడం ఆగింది గాని, నా భయం ఆగలేదు.

గడప మీద కూర్చొని ఈదన్న అంటున్నాడు: "సర్దు, మంచిగ సర్దు. పోయిన కోడలు మల్ల మొకం సూపిస్తదా? ముసలిదానికి అక్కల్ లేదు."

పెద్దమందడికి అవతల మాకు మూడెకరాల ద్రాక్ష తోట ఉంది. పాసుపుస్తకంలో పేరు నా కొడుకు ప్రదీప్‌ది. అక్టోబరులో కొమ్మ కత్తిరింపు అయ్యాక తీగల మీది పాత బెరడు వలిచేది నేనూ రేఖా. ఆ ఏడు బెరడు కింద తెల్లగా పిండిలాంటిది కనిపించింది. చీమలు వరుస కట్టి పైకి పోతున్నాయి, ఆకులు జిగటగా ఉన్నాయి. వేరే దేశం నుంచి మొక్కలతో పాటు వచ్చిన పిండినల్లి అని తరువాత ఉద్యాన ఆఫీసువాళ్లు చెప్పారు. గుత్తుల్లోకి దిగితే కాయ ఎవరూ కొనరు. జిల్లా నుంచి నిధులు వచ్చాయి. మందులతో లొంగదని, దాన్ని తినే చిన్న పెంకు పురుగులను, అక్షింతల పురుగులను, డబ్బాల్లో పంచారు. తోటకు రెండు డబ్బాలు. తీసుకున్నందుకు వారం వారం పురుగులు ఎన్నున్నాయో చూసి రాసివ్వాలి. మీటింగుకు పోయి టోపీ పెట్టుకొని ఫోటో దిగింది ప్రదీప్. చంకలో పాపను పెట్టుకొని నూట ఇరవై తీగలు చూసి రాసింది రేఖ. కింద సంతకం ప్రదీప్‌ది.

డిసెంబరులో ఒకనాడు రేఖ నా దగ్గరికి ఉరికొచ్చింది. "అత్తమ్మా, ఆయన కూలోళ్లతోని తెల్ల పురుగులన్ని నలిపిస్తుండు. అవి పిండినల్లి కాదు, అక్షింతల పురుగు పిల్లలు. సూడనీకె ఒక్క తీరుగనే ఉంటయి. నేను సెప్పనా?"

నాకు తెలుసు. నేనూ చూశాను. ద్రాక్ష పెట్టెల్లో పరిచే పాత పేపర్లు కూడబలుక్కొని చదువు నేర్చుకున్నదాన్ని. డబ్బా మీద బొమ్మ కింద, పిల్లలు తెల్లగా ఉంటాయని రాసిన నాలుగు ముక్కలు నేనూ చదివాను. అయినా అన్నాను: "కూలోళ్ల ముందర మొగనికి సెప్పకు బిడ్డా. ఇజ్జత్ పోయిందని ఎగురుతడు." ఆ మాట నలభై ఎనిమిదేళ్లుగా నాకు నేను చెప్పుకున్నదే. నోట్లోంచి దానంతటదే వచ్చింది. నాలుగు రోజులు నలిపించారు. చివరి రెండు సాళ్ల జోలికి మాత్రం రేఖ ఎవరినీ పోనివ్వలేదు. అక్కడ పాముంది అని చెప్పింది.

ఐదో రోజు ఉద్యాన అధికారి దీపిక మేడం వచ్చింది. పందిరి కింద మేడానికి, మగవాళ్లకు కుర్చీలు వేశాం. రేఖ చాయ తెచ్చింది. ప్రదీప్ ఒక తెల్ల పురుగును వేళ్ల మధ్య పట్టి, మేడం ముందే నలిపి, "గిట్ల ఒక్కటి ఇడువకుండ సంపిచ్చిన మేడం" అన్నాడు.

మేడం ముఖంలో రంగు పోయింది. అప్పుడు రేఖ చాయ పళ్లెం నేల మీద పెట్టింది. "అది మనదే మేడం. పిండినల్లి గింత జల్ది ఉరకదు. ఇది ఉరుకుతది సూడున్రి," అని ఇంకోదాన్ని ఆకు మీద చూపింది. "చివరి సాళ్లల్ల బతికినయి. ఆడికెల్లి మల్ల ఎక్కొస్తయి."

ప్రదీప్ నవ్వబోయాడు. "దీనికేం తెలుసు మేడం, ఇంట్ల ఉండేది."

"రాసింది ఎవరు?" అని మేడం కాగితాలు ముందు పెట్టింది. రేఖ నా వైపు చూసింది. "నా కోడలు" అన్నాను.

మండలానికి ఒక మనిషిని పెట్టుకొని తోటలన్నీ తనిఖీ చేయించడానికి నిధులున్నాయట. హైదరాబాదులో ఇరవై ఒక్క రోజుల శిక్షణ, తరువాత జీతం. రేఖ పేరు రాస్తానంది మేడం. పాలు తాగే పిల్ల ఉంటే చూసుకునే మనిషిని తోడు తెచ్చుకోవచ్చంది. పాప పుట్టిన పది రోజులకే రేఖ తల్లి చనిపోయింది. తోడు రావడానికి ఎవరూ లేరు.

వారం రోజులు ప్రదీప్ రేఖ చేతి అన్నం తినలేదు. "పెండ్లాం పురుగులు లెక్కపెట్టి తెచ్చే పైసలతోని బతకాల్నా నేను?" అని పశువులకు వినబడేట్టు అరిచాడు. రేఖ ఏడవలేదు. మేడానికి ఫోన్ చేసి రానని చెప్పడానికి నంబరు వెతుకుతుంటే నేను ఫోన్ తీసుకున్నాను. పాపను చూసుకోవడానికి నేను తోడు వస్తున్నానని మేడానికి చెప్పాను.

సర్దిన సంచి పట్టుకొని లేచేసరికి గడప మీద ఈదన్న కాళ్లు అడ్డంగా చాపి కూర్చున్నాడు. "నువ్వు పోతే నాకు వండేదెవరే?"

ఆయన కాళ్లు దాటి బయటికి వచ్చాను. పెళ్లయిన నాటి నుంచి ఆయనను దాటడం అదే మొదలు.

శిక్షణ అయ్యాక రేఖకు కొత్తకోట చుట్టుపక్కల తోటలు చూసే పని ఇచ్చారు. లారీ మెకానిక్ షెడ్డు పైన ఒక గది తీసుకున్నాం. పగలు పాప నా దగ్గర ఉంటుంది. రేఖ శనివారం పాపను తీసుకొని ఊరికి పోయి సోమవారం వస్తుంది. ప్రదీప్ మొదట ముఖం తిప్పుకున్నాడు. తోటలో గుత్తులు పిండినల్లి లేకుండా శుభ్రంగా దిగాక బస్‌స్టాండుకు బండి తెస్తున్నాడు. నెల కిందట ఫోన్ చేశాడు. "అమ్మా, నాయన అడుగుతుండు. ఎప్పుడొస్తవ్?"

"ఏంటికంట?"

"అన్నం సక్కగ ఉడుకుతలేదంట."

"మూడు విజిల్స్ రానియ్యుమను" అన్నాను.

అందరూ రేఖ రాదనుకున్నారు. రేఖ వారం వారం వచ్చింది. ఆ ఇంటికి మళ్లీ రానిది నేను, 2024 జనవరి ఎనిమిది, సోమవారం నుంచి.