రోల్ నంబర్ పదకొండు

కుక్కరు మూడో విజిల్ వేసేలోగా ముప్ఫై రెండు మంది పిల్లల హాజరు పూర్తి చెయ్యాలి. బడి మూసేసి నాలుగు నెలలైంది. కొరాపుట్‌లో మా హోల్‌సేల్ కిరాణా కొట్టు వెనకగదిలో, ఉల్లిపాయల బస్తాల మధ్య స్టూలేసుకుని మూడో తరగతికి ఫోన్లో పాఠాలు చెబుతున్నాను. బడిలో నేను కల్యాణి మిస్‌ని. ఇంట్లో పదకొండేళ్లుగా ‘అమ్మి’ని, ‘ఇదిగో’ని. రోజుకి ఆరు గంటలైనా నా పేరుతో బతికేదాన్ని, ఈ మాయదారి కరోనా వచ్చి అదీ ఊడ్చుకుపోయింది.

మాది సిస్టర్ల కాన్వెంటు, క్లాసు ప్రార్థనతో మొదలవాలి. పొద్దున్నే ఇంట్లో ఏసుప్రభువు ప్రార్థన వినబడితే అత్తమ్మ రాద్ధాంతం చేస్తుందని హడలిపోయాను. ఆవిడ ఏమీ అనలేదు సరికదా, ఎవరి దేవుడైతేనేం అని చెంపలు కూడా వేసుకుంది. గొడవంతా ఒక పిల్ల పేరు దగ్గర వచ్చింది. పొట్టంగిలో వాళ్లింటి నుంచి ఫోన్లో చదువుతుంది, రెండో తరగతి నుంచీ నా దగ్గరే. చురుకైనదే, కానీ నోరు ఊరుకోదు. ఫోను క్లాసులు మొదలైన రెండో రోజున “గౌరీశ్వరీ, చుప్!” అని గట్టిగా కసిరాను. వంటింట్లో గరిటె కింద పడింది. మా అత్తమ్మ పేరూ అదే మరి.

ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు. అత్తని పేరెట్టి నోర్ముయ్యమన్న కోడల్ని ఎక్కడైనా సూసేరేటని పార్వతీపురం చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ అడిగింది. అన్నది పిల్లనని నేను మొత్తుకున్నాను. ఎవరు విన్నారు గనక! అయితే పిల్లకి ఇంకో పేరు పెట్టుకోమన్నాడు మా ఆయన. ఫోను ఆయనది, కొట్టు ఆర్డర్లు వచ్చే ఫోను.

“ఇంకోపాలి మాయమ్మ పేరు నీ నోట ఇనబడిందంటే ఫోను కొట్లోనే ఉంటాది. మానేసిందని సిస్టరుకి నేనే సెప్పేత్తాను.”

మర్నాటి నుంచి గౌరీశ్వరిని రోల్ నంబర్ పదకొండు అని పిలిచాను. గొడవ లేకుండా ఉద్యోగం నిలుపుకున్నానని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా, సిగ్గులేకుండా.

మొదట్లో పలికేది. తర్వాత గొంతు తగ్గింది. తర్వాత వారం రోజులు రానే లేదు. పొట్టంగి కొండల్లో సిగ్నల్ దొరకదులే అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత సుఖమో! నిన్న వాళ్లమ్మ ఫోను చేసింది. పిల్ల పుస్తకం తియ్యడం లేదని, ఇంక మాన్పించేస్తామని చెప్పింది. ఒకసారి దానికి ఇవ్వమన్నాను.

“నా పేరు కొట్టేసేరా మిస్?” అంది గౌరీశ్వరి. “అందరికీ పేర్లున్నాయి. నాకే లేదు.”

ఏం చెప్పను? నీ పేరు మా ఇంట్లో పనికిరాదే అని చెప్పనా? రేపు రామ్మా, పేరు పెట్టే పిలుస్తాను అని మాటిచ్చేశాను. ఎలా పిలుస్తానో నాకే తెలియదు. సాయంత్రం రొట్టెల పిండి కలుపుతూ ఏడ్చాను. ఎనిమిదేళ్ల పిల్ల అడిగిన మాట, పదకొండేళ్లలో ఈ ఇంట్లో నేను ఒక్కసారీ అడగలేదు.

ఈ ఉదయం ప్రార్థన అయింది. పదో పేరు దాకా వచ్చాను. కొట్లో మా ఆయన ఎవరితోనో ఒడియాలో బేరమాడుతున్నాడు, అంతా వినబడుతోంది. నా మాటా ఆయనకి వినబడుతుంది.

“గౌరీశ్వరీ” అన్నాను.

“ప్రెజెంట్ మిస్!” అంది పిల్ల.

“ఆఁ” అని వంటింట్లోంచి ఇంకో గొంతు పలికింది. అత్తమ్మ. కోపం లేదు అందులో. ఎవరో పిలిస్తే పనిలో ఉన్న మనిషి పలికినట్టుంది. ఆవిడని ఆ పేరుతో పిలిచి ఎన్నేళ్లయిందో, ఎవరు పిలిచేవారో, నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆవిడ బయటికి రాలేదు.

వచ్చింది మా ఆయన. గుమ్మంలో నిలబడి ఫోను ఇమ్మని చెయ్యి చాపాడు. తెర మీద పిల్లలంతా నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ఫోను రెండు చేతులా పట్టుకున్నాను.

“మన్మథరావు గారూ, క్లాసు జరుగుతోంది. బయట నిలబడండి.”