తొమ్మిది పలకల పాట

ఫస్ట్ బెల్ పాట మీద తన గొంతు ఎక్కించింది తనేనని ఎలీషబా ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ప్రార్థనలో కూడా చెప్పలేదు. అక్కడ "తెలిసీ తెలియక చేసిన తప్పులు" అని గంపగుత్తగా ఒక మాట ఉంది కదా, దాని కిందికి తోసేసింది.

నోరు చెప్పకపోయినా ఆమె చేతులకు తెలుసు. మార్కాపురం పాత బస్టాండు వెనక తన దుకాణంలో పొద్దున షట్టరు లేపగానే చేసే మొదటి పని ఒకటుంది. ముందురోజు వచ్చిన క్యాసెట్లు వరసగా పెట్టుకుని, ఒక్కోదాని వీపున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రేకుల్ని స్క్రూడ్రైవరుతో టక్కున విరగ్గొడుతుంది. అవి విరిగితే ఆ క్యాసెట్ మీద ఇంకెవరూ కొత్తగా రికార్డు చెయ్యలేరు. ఆ తర్వాతే పాటను కంప్యూటర్లోకి ఎక్కించడం, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వడం. పెళ్లి మంత్రాలు కానీ, హరికథ కానీ, పోయిన తాతగారి ఉపన్యాసం కానీ, ఏదైనా సరే ముందు రేకులు విరగాలి.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న ఏడాది పాడైపోయిన మూడు టేపు రికార్డర్లు విప్పి, రెండింటిని చంపి, మూడోదాన్ని బతికించింది. ఇప్పుడు ఒంగోలు నుంచి కూడా ఆమెను వెతుక్కుంటూ వస్తారు.

మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు తన పిచ్చి తనది. పవర్ పాప్. ఎక్కడెక్కడి దేశాల గిటారు బ్యాండ్లు ఇంకా పేరు రాకముందు కార్ల షెడ్లలో, స్కూలు హాళ్లలో చేసుకున్న మొదటి రికార్డింగులు వెతికి పోగేస్తుంది. యాభై కాపీలు వేసి ఆపేసిన డిస్కులు, అటకల మీద దొరికిన రిహార్సల్ టేపులు. పవర్ పాప్ అంటే ఏందని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర జవాబు తయారుగా ఉంటుంది. పాట మూడు నిమిషాల్లో అయిపోవాలి. గిటార్లు తలుపులు బాదినట్టు మోగాలి. పల్లవి మాత్రం రెండోసారికే పక్కింటి పాప కూడా పాడేట్టు ఉండాలి. తర్వాత స్టూడియోలో నున్నగా చేసిన పాట ఆమెకు అక్కర్లేదు. మొదటిదే కావాలి. పాటకు ముందు ఎవరో దగ్గాలి, ఒక తీగ తప్పు పలకాలి, ఇంకొకడు నవ్వాలి.

అవన్నీ ఎక్కించి పెట్టే ఆమె ఇంటర్నెట్ ఛానల్లో మూడు వందల పన్నెండు బ్యాండ్లున్నాయి. సొంత ఊరి బ్యాండు ఒక్కటే లేదు.

ఆ బ్యాండే ఫస్ట్ బెల్. ఎనభై ఎనిమిదిలో మిషను బంగళా ఖాళీ చేస్తూ ఎవరో వదిలిపోయిన ఇంగ్లీషు క్యాసెట్లు విని ముగ్గురు కుర్రోళ్లు మొదలుపెట్టినారు. కరుణాకరం గిటారు వాయిస్తూ పాడేవాడు. అతని తమ్ముడు గిద్యోను రెండో గిటారు, రెండో గొంతు. డ్రమ్ములు ఎలీషబా నాయన నిత్యానందం. బడి పలకలు చేసే షెడ్డులో పని చేసేవాడు కాబట్టి ఆదివారం ఖాళీగా ఉండే ఆ షెడ్డే వాళ్లకు హాలు. తర్వాతి ఏడాది ఏప్రిల్‌లో ఒక ఆదివారం "కంభం బస్సు" అనే పాటను టేపు రికార్డర్లోకి ఎక్కించినారు. అదే మొదటిది, అదే చివరిది. మరుసటి ఏడాదే గిద్యోను మెదడువాపు జ్వరంతో పోయినాడు. ఫోటోలో కాకుండా అతను మిగిలింది ఆ క్యాసెట్లోనే. రికార్డరు నిత్యానందానిది కాబట్టి క్యాసెట్ వాళ్లింట్లోనే ఉండిపోయింది.

మార్కాపురం రాయి వింటుందన్నది ఎట్లాగూ అందరికీ తెలిసిందే. ఉలి దెబ్బకు రాయి రెండుగా విచ్చుకునే ఆ క్షణాల్లో చుట్టూ ఏ చప్పుడుంటే అది కొత్త పలక మీద నిలిచిపోతుంది. బలపంతో ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క గీత గీస్తే ఇరవై సెకన్లపాటు వినిపిస్తుంది. మొదటి గీతకు నిండుగా పలుకుతుంది, రెండోదానికి సన్నబడుతుంది, మూడోదానికి కీచుమంటుంది, అంతే. ఒకసారి ఎక్కడో బడికి పోయిన లోడంతా వెనక్కి వచ్చింది. చీల్చినతను ఆ రోజు బామ్మర్దిని తిడుతూ చీల్చినాడట, ఒకటో తరగతి పిల్లలు ఆ తిట్లన్నీ నేర్చుకున్నారు. అప్పటినుంచి షెడ్లలో "రాయి చీల్చు చోట తిట్లు నిషేధం" అని రాసి ఉంటుంది. ఫస్ట్ బెల్ పాట మాత్రం ఏ పలకకూ దక్కలేదంటారు. ఆదివారం కదా, ఆ షెడ్డులో ఎవరూ ఉలి పట్టరు.

ఎలీషబాకు తొమ్మిదేళ్లప్పుడు సండేస్కూల్లో కంఠత వాక్యాల పోటీ పెట్టినారు. తన గొంతు బయటికి ఎట్లుంటుందో విందామని రికార్డర్లో ఉన్న క్యాసెట్ మీదే ఎర్ర బటను నొక్కి అధ్యాయమంతా అప్పజెప్పింది. వెనక్కి తిప్పి వింటే తన గొంతు ఉంది, పాట లేదు. భయపడి క్యాసెట్‌ను గౌను చాటున పెట్టుకుపోయి గని గుంట నీళ్లలో పారేసింది.

నెల తిరక్కుండానే గిద్యోను పదిహేనో జ్ఞాపకార్థ కూడిక వచ్చింది. తమ్ముడి గొంతు అందరికీ వినిపిద్దామని కరుణాకరం క్యాసెట్ అడిగినాడు. నిత్యానందం ఇల్లంతా వెతికి, ఖాళీ చేతులతో పోయి నిలబడినాడు. "నా తమ్ముని గొంతు ఎవరికి అమ్ముకున్నావు నిత్యానందం?" అని సంఘమంతా వింటుండగా కరుణాకరం అడిగినాడు. నాయన తల దించుకోవడం ఎలీషబా మూడో వరసలో కూర్చుని చూసింది. కరుణాకరం గిద్దలూరు పోయి మైకుసెట్టు పెట్టుకున్నాడు. నిత్యానందం మళ్లీ డ్రమ్ము ముట్టలేదు. పద్దెనిమిదేళ్లు గడిచినాయి.

సెప్టెంబరులో ఒక పొద్దున గిద్దలూరు బట్టల దుకాణం ఉమామహేశ్వర్లు ఒక సంచి నిండా క్యాసెట్లు తెచ్చి బల్ల మీద పెట్టినాడు.

"మా అక్క పెండ్లివి పాపా. జాగ్రత్త."

"గిద్దలూరులో ఎవరూ లేరా చిన్నాయనా, ఇంత దూరం మోసుకొచ్చినావు?"

"మైకుసెట్టు కరుణాకరాన్ని అడిగినా. ఆ పిల్ల చేసినట్టు ఎవరూ చెయ్యరు, ఆడికే పో అన్నాడు. మళ్లా ఆయనే, చీటీ రాయించుకో శెట్టీ, ఆ ఇంట్లోకి పోయిన క్యాసెట్లు బయటికి రావు అన్నాడు." ఉమామహేశ్వర్లు నవ్వినాడు. "నా మాట కాదమ్మా. ఆయన మాట."

రేకు విరగ్గొడుతున్న స్క్రూడ్రైవరు జారి ఎలీషబా బొటనవేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకునే అడిగింది. "నా పని ఆయన ఎప్పుడు చూసినాడంట?"

"నీ ఛానల్ పాటలన్నీ వినేవాడంటమ్మా. ఇంగ యాడ వింటాడులే."

"ఏమైంది?"

"ఇన్నేండ్లు స్పీకర్ల ముందర నిలబడితే ఏమైతాది? కుడి చెవి పూర్తిగా పాయె. ఎడమది దీపావళి దాటదని కర్నూలు డాక్టరు చెప్పినాడంట. మొన్న మా మనవడి బారసాలలో మైకు కుయ్యోమని కూస్తాంటే ఆయనకు తెలీలే. మేమే పోయి తీగ పీకినాం."

ఆయన అటు పోగానే ఎలీషబా షట్టరు దించింది. పదకొండు కూడా కాలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆమె అమ్మ ఇందిరమ్మ వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. ఎలీషబా చెప్పులు కూడా విడవలేదు. నిలబడే చెప్పేసింది. ఇన్నేళ్లు మోసిన మాట మూడు ముక్కల్లో అయిపోయింది.

"అమ్మా, ఫస్ట్ బెల్ క్యాసెట్ పోలేదు. నేనే చెరిపినా. కంఠత వాక్యం ఎక్కించుకుని, భయమేసి గని గుంటలో పారేసినా."

ఇందిరమ్మ చేతిలోని గింజ పక్కన పడేసింది.

"పోటీలో ఫస్టు వచ్చినావా?"

"అమ్మా!"

"వచ్చినావా లేదా?"

"సెకండు."

"అంత పాట చెరిపి సెకండా!" అంది ఇందిరమ్మ. తర్వాత నవ్వు రాలేదు ఆమెకు. కొంగుతో చేతులు తుడుచుకుని వంటింట్లోకి పోయి ఎత్తుపీట వేసింది. "ఇట్ల రా. ఈ ఊరగాయ జాడీలు దించు."

"ఇప్పుడు జాడీలేంది?"

"దించమంటే దించు. నువ్వు చెప్పినావు కదా, ఇంగ నన్ను చెప్పనీ."

జాడీల కింద అల్మారు నిండా నల్లటి పలకలు బోర్లా పరిచి ఉన్నాయి. ఎలీషబా పుట్టినప్పటినుంచీ అవి అక్కడే ఉన్నాయి. ఈ ఊళ్లో అల్మార్లకు పలకలు పరచని ఇల్లు లేదు కాబట్టి వాటిని ఎవరూ ఎప్పుడూ పట్టించుకోలేదు.

"ఆ ఆదివారం మీ నాయనకు స్త్రీల కూటానికి పోతున్నానని చెప్పినా," అంది ఇందిరమ్మ. "పోలా. షెడ్డు వెనక గోడకు ఆనుకుని కూసున్నా. పెండ్లయి నాలుగు నెల్లు. కొత్త కోడలు పోయి మగపిల్లోళ్ల ముందర కూసోని పాటలింటే మా అత్త, మీ జేజి, ఊరుకుంటాదా? వాళ్లు పాట ఎత్తుకోబోతుంటేనే నా చేతులు ఊరుకోలా. పక్కన రాయి ఉంది, ఉలి ఉంది. మీ నాయన దెబ్బకు తగినట్టు నేనూ కొడతా పోయినా. పాటయ్యేసరికి తొమ్మిది పలకలు లేచినాయి. అప్పుడు గుర్తొచ్చింది, ఈ పొద్దు ఆదివారమని."

ఎలీషబాకు అర్థమైంది. ఆదివారం పని చెయ్యడం సంఘంలో తప్పు, పైగా తాతే సంఘ పెద్ద. ఆ పలకలు బయటికి పోతే ఏదో ఒక బడిలో కంభం బస్సు మోగుతుంది, ఆదివారం రాయి చీల్చిందెవరని పంచాయితీ పెడతారు. అందుకే బోర్లా పరిచి పైన జాడీలెక్కించింది.

"మరి కూడికలో నాయన్ను అంత మాటంటే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీ జేజి పక్కనే కూసోనుండె. నాలుగు రోజులాగితే క్యాసెట్ దొరుకుతాదిలే అనుకున్నా. తర్వాత చెప్తే ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటారని ఆగినా." ఇందిరమ్మ కూతురి మొహంలోకి చూసింది. "నువ్వెందుకు ఆగినావు?"

ఎలీషబా పీట ఎక్కింది. పలకలు ఎడమ నుంచి కుడికి, పాట నడిచిన వరసలోనే ఉన్నాయట. మొదటిది దించి తిరగేసింది. ముప్పై నాలుగేళ్లు వెలుతురు చూడని మొహం, ఒక్క గీత కూడా లేదు. అమ్మ బలపం తెచ్చిచ్చింది. ఎలీషబా ఈ కొస నుంచి ఆ కొసకు గీసింది.

ముందు ఎవరో దగ్గినారు. డ్రమ్ము కర్రలు నాలుగుసార్లు తగిలినాయి. గిటారు వంటింటి గిన్నెలన్నిటినీ అదరగొడుతూ వచ్చింది. "కంభం బస్సు ఎక్కమాకే, ఇంకో బస్సు వస్తాదే" అని ఇరవై రెండేళ్ల కరుణాకరం గొంతు చించుకున్నాడు. వెనకనుంచి రెండో గొంతు ఊపిరి పీల్చుకోవడం వినబడింది. పాడబోతున్నాడు. అక్కడికి పలక అయిపోయింది.

ఎలీషబా మూడు వందల పన్నెండు బ్యాండ్ల మొదటి రికార్డింగులు విన్న మనిషి. ఇంత మంచి మొదలు వినలేదు. ఇది బాగుంటుందని ముందే తెలిసినట్టు వాయించినారు ముగ్గురూ.

ఇందిరమ్మ రెండో పలక అందుకోబోయింది. ఎలీషబా చెయ్యి పట్టుకుంది.

"ఆగమ్మా. గిద్యోను చిన్నాయన ఇందులో పాడతాడు. మొదటి గీతే నిండుగా పలికేది. అది మనం వినేస్తే ఎట్ల?"

"నువ్వు ఎక్కించుకోవా మరి?"

"ఎక్కిస్తా. కరుణాకరం పెదనాయనను ఎదురుగా కూసోబెట్టి ఎక్కిస్తా."

వంటింటి గుమ్మంలో ఏదో చప్పుడైంది. అన్నానికి వచ్చిన నిత్యానందం అక్కడ నిలబడి ఉన్నాడు. ఒంటి నిండా పలకల పొడి, కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి. కుడిచేతి రెండు వేళ్లు ద్వారబంధం మీద ఆడుతున్నాయి. ఎప్పటినుంచి ఉన్నాడో.

"నా రెండో దెబ్బ తొందరగా పడింది," అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగినాడు. "ఆ క్యాసెట్లో నా డ్రమ్ము వెనక టకటకమని ఇంకో దెబ్బ ఉండేది. నేను కొట్టింది కాదురా అంటే గిద్యోను నన్ను ఎగతాళి చేసినాడు. అది నీదా?"

"నాదే," అంది ఇందిరమ్మ.

"దెబ్బ బాగుంది," అన్నాడు. "నాకంటే బాగుంది." ఇందిరమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

ఎలీషబా తన మాట కూడా చెప్పింది. ఈసారి చెప్పడం కష్టమైంది. నాయన కాళ్ల వైపు చూస్తూ చెప్పింది. నిత్యానందం విని, కొళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కుని, టవల్‌తో తుడుచుకుంటూ వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"తొమ్మిదేండ్ల పిల్ల భయపడిందంటే సరే," అన్నాడు. "ఇరవై ఏడేండ్లదానివి, నీకేంది భయం?"

"ఆయన నిన్ను అట్లన్నాడు నాయనా, అందరి ముందర. నా వల్ల."

"అన్నాడు. తమ్ముడు పోయినోడు, ఏదో ఒకటి అనాల కదా. అయినా చెవి సంగతి నాకూ తెలుసు. పోయి పలకరిద్దామని రెండుసార్లు గిద్దలూరు బస్సెక్కినా. కంభంలోనే దిగి ఎనక్కొచ్చినా. ఏ మొహం పెట్టుకుని పోవాల? క్యాసెట్ ఏదంటే ఏం చెప్పాల?" నిత్యానందం పలక మీది తెల్లటి గీతను చూసినాడు. "పలకలు దొరికినాయి, అంతవరకు చెప్పు, చాలు. క్యాసెట్ ఊసెత్తబాక. వాడు తిట్టదలుచుకుంటే నన్నే తిట్టుకోనీ, అలవాటైపోయింది. ఫోను నేను చెయ్యనా?"

చాలు కదా నిజంగానే. పాట దొరికింది, పాటలో తమ్ముడున్నాడు. ఎవరు చెరిపినారని ఆయన ఇంక అడగకపోవచ్చు. ఎలీషబా ఒక్క నిమిషం ఆ దోవన పోయి చూసింది. ఆ దోవ కొసన నాయన మళ్లీ తల దించుకుని నిలబడి ఉన్నాడు.

"వద్దు నాయనా. నేనే చేస్తా. మొదట క్యాసెట్ సంగతి చెప్తా, తర్వాతే పలకల సంగతి."

మిగిలిన ఎనిమిది పలకల్ని పాత దుప్పటిలో ఒకదానికొకటి తగలకుండా చుట్టి పెట్టింది. నంబరు వెతుక్కోవలసిన పని లేదు. పదేళ్లుగా ఈ వైపు ఏ పెళ్లికి పోయినా, ఏ కూడికకు పోయినా కరుణాకరం స్పీకరు పెట్టె మీద తెల్ల రంగుతో రాసి కనబడే నంబరే. చూసి మొహం తిప్పుకున్న ప్రతిసారీ ఇంకా బాగా గుర్తుండిపోయింది. ఫోను తీసి పెరట్లోకి నడిచింది. ఏం చెప్పాలో వరస కూడా కుదిరింది. పేరు చెప్పాలి, ఎవరి కూతురో చెప్పాలి. అన్నిటికంటే ముందు మాత్రం, పెదనాయనా, ఫోను ఎడమ చెవికి మార్చుకో అని చెప్పాలి.