కణాల మీద కనికరం

సాలొమోను ఎదుట ఏ ప్రాణీ ఆకలితో ఉండడానికి వీల్లేదు. సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో పిల్లులు సైతం ఆయన భార్య రెబ్కా పెట్టే చేపల పులుసుకు గంట ముందే హాజరు వేయించుకుంటాయి. నోయిడా ల్యాబులో ఆయన పని గాజుసామాను కడగడం, సెలవురోజుల్లో కణాలు పెరిగే వెచ్చని పెట్టె మీద ఓ కన్నేసి ఉంచడం. 2007లో, ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే శ్రమదినాల్లో, వేయవలసిన కన్నుతో పాటు చెయ్యి కూడా వేశాడు.

పెట్టెలో పరిశోధక విద్యార్థిని కెరెన్ పెంచే కండకణాలు ఆరు గిన్నెల్లో, మూడు జతలుగా ఉన్నాయి. జతలో ఒకదానికి కండబలానికి వాడే క్రియాటిన్ కలిపింది, రెండోదానికి లేదు. సీరం అనే మేత తగ్గిస్తే కణాలు సంఖ్య పెంచుకోవడం మాని, ఒకదానికొకటి అతుక్కుని కండపోగులవుతాయి. క్రియాటిన్ తోడైతే ఆ పోగులు లావెక్కుతాయని ఆమె ఆశ. సోమవారం గైడు త్యాగరాజుగారికి తేడా చూపకపోతే ప్రాజెక్టు బంద్. సొంతూరు బాపట్లకు రైలెక్కడమే గతి.

సోమవారం మైక్రోస్కోపులో నాలుగు గిన్నెలు చూసేసరికి ఆమె మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఒక్క పోగూ లేదు సార్. సరోజినీ మార్కెట్లో ఆదివారం జనంలా కిక్కిరిసి ఉన్నాయి, అంతే!"

"క్రియాటిన్‌తో ఒరిగిందేం లేదన్నమాట. చాలించమ్మా," అని గైడుగారు ఫైలు మూయబోయారు.

చెబితే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే ఈ పిల్ల చదువు పోతుంది. పక్కనే గాజుసామాను కడుగుతున్న సాలొమోను ముందుకొచ్చాడు.

"ఆ నాలుగింటికీ శనివారం నేను సీరం పోశాను సార్."

"ఎందుకయ్యా!"

"నేనూ ఉపవాసమే. గిన్నెల మీద 'సీరం రెండు శాతం' అని చూసి కడుపు తరుక్కుపోయింది. ఇంత చదువుకున్న పిల్ల వీటిని పస్తు పెట్టిందేంటా అనుకున్నా. ఆరింటికీ పోద్దును, సీసా అయిపోయింది."

"అంకుల్!" అని అరిచిన కెరెన్ అరుపు సగంలో ఆగింది. "అంటే ఆఖరి జత పస్తులోనే ఉందా?"

ముగ్గురూ మైక్రోస్కోపు మీద పడ్డారు. క్రియాటిన్ లేని గిన్నెలో పోగులు సేమియాలా ఉన్నాయి. ఉన్నదాంట్లో ములక్కాడలే!

"ఒక్క జతతో రుజువైనట్టు కాదు," అన్నారు త్యాగరాజుగారు, నవ్వు మీసం కింద దాస్తూ. "మళ్ళీ చెయ్యి. మూడు నెలలిస్తున్నా."

సాయంత్రానికి పెట్టె తలుపు మీద కెరెన్ కాగితం అంటించింది: "లోపల ఉపవాస ప్రార్థన. భోజనం తేరాదు."

సాలొమోను చదివి, పకపకా నవ్వి, సీరం ఫ్రిజ్ తాళంచెవి ఆమె చేతిలో పెట్టేశాడు.

"నీ దగ్గరే ఉంచుకో తల్లీ. నా చేతిని నేనే నమ్మను."