చేప కిడ్నీలో ముంచిన తీగ

నేను ఒక తీగముక్కని. బెత్తెడు పొడుగు, కొసన ఆవగింజ పట్టేంత ఉంగరం. అంతే. కరెంటు పొయ్యిలో ఎర్రగా కాలే చుట్ట చూశారుగా, ఆ జాతే నాదీ. నాతోపాటు తెగిన ముక్కలు పొయ్యిల్లోకెళ్ళి టీలు కాచుకున్నాయి. నన్ను మటుకు ఒక పిడికి బిగించి ల్యాబుకి పంపారు.

మొదట ఓ కాలేజీలో ఉన్నాను. పరీక్షల ముందు అందరికీ కావలసినదాన్ని, తర్వాత ఎవరికీ పట్టనిదాన్ని. ఆ కాలేజీ మూతపడ్డాక బల్లలతోపాటు నన్నూ అమ్మేశారు. అలా కొల్లేటి పక్కన చేపల జబ్బులు చూసే ఈ ల్యాబులో, సువార్తమ్మ చేతిలో పడ్డాను.

చేప వెన్నెముక కింద, గడ్డకట్టిన నెత్తురులా నల్లటి చార ఒకటి ఉంటుంది. చేపలు కడిగేవాళ్ళు గోటితో గీకి పారేస్తారు. అదే దాని కిడ్నీ. జబ్బు పురుగు చేరేది అందులోనే. సువార్తమ్మ ముందు నన్ను మంటలో ఎర్రగా కాలుస్తుంది. మనుషులకి నీళ్ళ స్నానం, నాకు నిప్పు స్నానం. చల్లారాక ఆ కిడ్నీలో ముంచి, పురుగులకి మేతగా జావ పేరబెట్టిన గాజు పళ్ళెం మీద గీతలు గీస్తుంది. పురుగుంటే మర్నాటికి గీతల వెంట చుక్కలు మొలుస్తాయి. ఇంకాస్త గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూస్తుంది.

ఓ ఎండాకాలం, కాలవలకి నీళ్ళు కట్టేసిన రోజుల్లో, పెద్దిరాజు అనే రైతు వచ్చాడు. ప్లాస్టిక్ కవరులో నీళ్ళు, నీళ్ళలో కొనఊపిరితో ఓ శీలావతి చేప. పొట్ట ఉబ్బి, కళ్ళు పొడుచుకొచ్చి ఉంది.

“బతికున్నదాన్నే తెచ్చానమ్మా. కిందటిసారి చచ్చినదాన్ని తెస్తే, శవానికి వైద్యమేంటన్నారు.”

“చచ్చినదాంట్లో ఊళ్ళో పురుగులన్నీ చేరతాయి పెద్దిరాజు గారూ. ఏది చంపిందో ఎలా చెప్పను? అదీగాక చూపించకుండా మందులు కుమ్మరించారు. ఈసారి ఏమన్నా వేశారా?”

“అబ్బే, లేదండి. ఆ చివాట్లే ఇంకా అరగలేదు.”

ఆయన బెంగ తన చెరువు గురించి కాదు. దిగువన తమ్ముడు గంటయ్య చెరువు మోకాలి లోతుకి పడిపోయింది. అన్న నీళ్ళు వదలకపోతే ఆ చేపలు ఎండకి ఉడికిపోతాయి. వదిలితే, అన్న చెరువులో జబ్బుంటే, నీళ్ళతోపాటు అదీ దిగుతుంది.

“వదలమంటారా, వద్దంటారా? ఈ పంట పోతే వాడు మళ్ళీ కూలికెళ్ళాల్సిందే,” అన్నాడు. అప్పటికి మొహంలో నవ్వు లేదు.

కిడ్నీలో ముంచగానే నాకు తెలిసిపోయింది. మందు చేదు. మేతల కొట్టువాడు ఇచ్చిందేదో పెద్దిరాజు మేతలో కలిపి పెట్టేశాడు. పురుగు కొంత చచ్చింది, కొంత మూర్ఛపోయింది. నాకు నోరు లేదు. నోరున్నవాడు లేదన్నాడు.

మర్నాడు పెద్దిరాజు వచ్చేసరికి పళ్ళెం ఖాళీ. సువార్తమ్మ దాన్ని వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది.

“గాజు పలక మీద పురుగులు కనబడుతున్నాయి, పళ్ళెంలో మొలవలేదు. మందు తిన్న చేపలో ఇలా జరుగుతుంది. నేనేమీ అనను, నిజం చెప్పండి.”

బల్ల మీద ఇంకో నలుగురు రైతులు కూర్చుని ఉన్నారు. పెద్దిరాజు వాళ్ళకేసి ఓసారి చూశాడు.

“తమ్ముడి కోసం అడుగుతూ అబద్ధమాడతానా అమ్మా?”

ఆ మాట మీద ఎవరు మాత్రం అనుమానపడతారు? “అయితే పలక మీదవి జబ్బు పురుగులు కావు, అవైతే మొలిచేవి. వదలండి,” అంది.

పళ్ళెం ఖాళీగా ఉందంటే తన మందు పనిచేసిందనుకున్నాడు కాబోలు, ధీమాగానే వెళ్ళాడు. తను ఆడిన అబద్ధాన్ని ల్యాబు నోట విని తనే నమ్మాడు. మనుషులకే చేతనయిన పని.

వారం తిరక్కుండా గంటయ్య కవరులో చేపతో వచ్చాడు, వెనకాల అన్న. చెరువంతా చచ్చిన చేపలు తెల్లగా తేలాయట. ఈసారి నాకు చేదు తగల్లేదు. తెల్లారేసరికి పళ్ళెంలో గీతలు కనబడనంత దట్టంగా మొలిచాయి.

“మా అన్న చేపకి ఏమీ లేదన్నారుగా? మరి నాకెక్కడిదమ్మా?” అన్నాడు మర్నాడు అన్నతో మళ్ళీ వచ్చిన గంటయ్య.

పెద్దిరాజు నేలకేసి చూశాడు.

“మందు వేశాన్రా.”

“అడిగినప్పుడు చెప్పొచ్చుగా అన్నా.”

“నలుగురూ ఉన్నార్రా.”

గంటయ్య ఖాళీ కవరు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. సువార్తమ్మ నన్ను మంటలో పెట్టి, తియ్యడం మరిచిపోయింది.

తర్వాత్తర్వాత నా కొస విరిగింది. ఇప్పుడు ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌వి వచ్చాయి. వాటికి నిప్పు పని లేదు. నేను మూల రేకు డబ్బాలో తుప్పు మేకుల మధ్య పడున్నాను. ఎర్రగా కాల్చాక నాకు ఏదీ అంటుకుని ఉండదు. అది నా అదృష్టం.

గంటయ్య ఇప్పుడు ఎవరి చెరువుల్లోనో వల లాగుతున్నాడట. పెద్దిరాజు ఇంకా వస్తూనే ఉంటాడు. గుమ్మంలో నిలబడి, ఎవరూ అడక్కముందే, వేసిన మందుల పేర్లన్నీ నలుగురికీ వినబడేలా చెబుతాడు. ఒక్కోసారి చేతిలో చేప కూడా ఉండదు.