ఏడో నంబరు గదిలో పెద్దమేడం

పదకొండేళ్లపాటు ఆ మహిళా జైలును గడగడలాడించిన హెడ్ వార్డరు పెద్దమేడం ఇప్పుడు అక్కడే, ఏడో నంబరు గదిలో, రిమాండు ఖైదీ. కొత్తగా వచ్చినవాళ్లు ప్రాణం తీసుకుంటారేమోనని మొదటి రాత్రంతా పదిహేను నిమిషాలకొకసారి తొంగి చూసి, ఎలా ఉన్నారో రిజిస్టరులో రాయాలి. ఆ డ్యూటీని ఒక వార్డరు అడిగి మరీ వేయించుకుంది.

ఆరేళ్ల కిందట ఆ వార్డరు చెల్లెలు ఆ ఏడో నంబరు గదిలోనే చనిపోయింది. కొట్లో దుప్పటి దొంగిలించిందని పట్టుకొచ్చారు. మూర్ఛ మాత్రలు గేటు దగ్గరే లాక్కున్నారు. ప్రాణం రాత్రి రెండింటికే పోయిందని డాక్టరు తేల్చాడు. రిజిస్టరులో మాత్రం పెద్దమేడం చేతిరాతతో ఆరింటిదాకా ‘నిద్రలో ఉంది’ అనే ఉందట. ఎవరైనా అడిగేలోపే ఆ రిజిస్టరు మాయమైంది.

అక్క పరీక్ష రాసి అదే జైల్లో ఉద్యోగం సంపాదించింది. పెళ్లితో ఇంటిపేరు మారింది కాబట్టి ఎవరూ పోల్చుకోలేదు. మూడేళ్లు పాత కాగితాల గదిలో దుమ్ము మింగి, ఆ రిజిస్టరు బయటికి లాగి కోర్టుకు చేర్చింది. దాంతోనే పెద్దమేడం అరెస్టయింది.

ఇప్పుడు, రాత్రి తొమ్మిదింటికి, మొదటిసారి టార్చి పెద్దమేడం మొహం మీద వేసింది.

“లేవండి. పలకండి.”

“కనబడుతున్నానుగా!”

“నోటితో చెప్పాలి.”

అలాంటి రూలేమీ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పన్నెండు దాటేసరికి పెద్దమేడం కళ్లు చింతనిప్పులయ్యాయి.

“నామీద ఏం పగే నీకు? నీకు పని నేర్పింది నేనే కదా!”

“నేర్పారు మేడం. చూడకుండా రాయడం కూడా నేర్పారు. అదొక్కటే ఒంటబట్టలేదు.”

మూడున్నరకి వార్డరు ఊచల దగ్గరికి వచ్చి అడిగింది: “ఈ గదిలో ఎవరు పోయారో గుర్తుందా?”

“ఎంతమందనీ గుర్తుపెట్టుకోను?”

“మూర్ఛపిల్ల. నా చెల్లెలు.”

పెద్దమేడం మంచం మీద లేచి కూర్చుంది. “ఆ రాత్రి నాకు ఒంట్లో బాగాలేదే. కాస్త నడుం వాల్చాను.”

“ఆ ముక్కే కోర్టులో చెప్పండి.”

“చెప్పను. ఏం చేస్తావో చేసుకో.”

నాలుగూ పావుకి చూసేసరికి పెద్దమేడం ఒళ్లంతా చెమట. చెయ్యి గుండె మీద ఉంది. “డాక్టరు... డాక్టర్ని పిలువు,” అంది.

వార్డరు కదల్లేదు. తలుపు పక్కనే బెల్లు ఉంది. మళ్లీ చూడాల్సింది నాలుగున్నరకి. అప్పటిదాకా బల్ల దగ్గర కూర్చుంటే అడిగే నాథుడు లేడు. చెల్లెలు కూడా ఇలాగే ఎవరినో పిలిచి ఉంటుంది. ఇది పోతే మాత్రం ఆ రాత్రి ఏం జరిగిందో దీని నోటితో ఎవరూ వినరు. రెండు నిమిషాలు అలాగే నిలబడి చూసి బెల్లు నొక్కింది.

“చావనివ్వను,” అంది ఊచల్లోంచి. “కోర్టులో నిలబడాలి నువ్వు.”

స్ట్రెచరు వెళ్లాక రిజిస్టరులో రాసింది: ‘4.15 గుండెనొప్పి. డాక్టరును అడిగింది. 4.17 బెల్లు.’

మర్నాడు సూపరింటెండెంటు ఆ గీతల మీద వేలు పెట్టాడు. “ఈ రెండు నిమిషాలు ఏం చేస్తున్నావ్?”

“చూస్తున్నాను సార్.”

విచారణ జరిగింది. బంధుత్వం దాచినందుకు, ఆ రెండు నిమిషాలకు ఉద్యోగం ఊడింది.

పెద్దమేడం బతికింది. రెండు నెలల తర్వాత చక్రాల కుర్చీలో కోర్టుకొచ్చి, ముందు వరసలో కూర్చున్న మాజీ వార్డరును చూసి తల దించుకుంది. ఆ రాత్రి నిద్రపోయాననీ, పొద్దున లేచి అన్నీ ఒకేసారి నింపాననీ ఒప్పుకుంది. ఏడేళ్ల శిక్ష పడింది.

అక్క ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పింది. అమ్మ బియ్యం ఏరుతూ విన్నది.

“రెండు నిమిషాలేనా ఆగావు?”

“రెండే.”

“నేనైతే ఐదు ఆగేదాన్ని,” అని, చేటలోంచి ఒక రాయి తీసి అవతల పారేసింది.