ఆరు తోడేళ్లకు మూడు గంటలు

ఆరు తోడేళ్లను చంపడానికి మూడు గంటలా, ఆ టైములో తను ఐదు కిలోల చింతపండుకి గింజ తీసేది, పోయిన ఆదివారం తలుచుకుంటే షబ్నంకి ఇప్పటికీ సిగ్గే, కాగితం మీద వీరుల్ని రాసుకుని పాచికలు వేస్తూ నడిపే ఆట, కథ చెప్పేది తను, వీరులేమో కూతురు జెబా, దాని కాలేజీ స్నేహితులు అభిరామ్, ప్రత్యూష, కథ నడిచినంతసేపూ నోరు తెరుచుకుని వింటారు, కత్తి దూయగానే మాచర్ల బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంటారు, ఆంటీ, బాణం వెయ్యనా, మంత్రం వెయ్యనా, ఆగండి చూసుకుంటా, అని ప్రత్యూష కాగితాలు తిరగేస్తుంటే అభిరామ్ ఫోన్లో రీల్సు చూసుకున్నాడు, చెప్పులేసుకుంటూ అననే అన్నాడు, వచ్చేవారం కూడా ఇట్టాగే ఉంటే మానేద్దాం ఆంటీ, చానా బోరు, మానేస్తే వాడికేం పోయింది, వారమంతా ఈ ఇంట్లో కూరలో ఉప్పు తగ్గితే తప్ప తనతో ఎవరికీ మాట పని లేదు, ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే, తను నోరు తెరిస్తే ముగ్గురు ఊపిరి బిగబట్టేది.

బుధవారం నీళ్ల ట్యాంకరు దగ్గర కూడా ఇదే ఆలోచన, అక్కడ లైను పెత్తనం పీరాంబీ ఖాలాది, ఏమే షబ్నం, నీ వంతొచ్చాక బిందె కడుగుతావా ఏంది, పో యెనక్కి, అని అరిచింది, అందరూ నవ్వారు, తనూ నవ్వుతూ వెనక్కి పోతూ ఠక్కున ఆగింది, యా అల్లా, ప్రత్యూష చేసేదీ ఇదేగా, వంతొచ్చాక బిందె కడగడం.

ఇవాళ ఆదివారం, ముగ్గురూ చాప మీద కూర్చోగానే చెప్పేసింది, పక్కవాళ్ల వంతులోనే మీ ఎత్తు అనుకోవాలి, మీ వంతొచ్చాక ఐదు లెక్కపెడతా, నోరు పెగలకపోతే వరస చివరికి, దెబ్బ తగిలిందా అనేదానికో పాచిక, తగిలితే ఎంత అనేదానికో పాచిక, రెండూ ఒకేసారి వెయ్యాలి, ఇదేం దౌర్జన్యం అమ్మీ, అంది జెబా, దౌర్జన్యం కాదే, ట్యాంకరు రూలు, వంతెన మీద పదిమంది బందిపోట్లు, కానీండి, ఒకటి, రెండు, బాణం ఆంటీ, అన్నాడు అభిరామ్, ఒకడు పడ్డాడు, జెబా కత్తికి ఇద్దరు, ప్రత్యూషా, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆ పిల్ల కాగితం వంక చూడనే లేదు, దూకుతా ఆంటీ, వాళ్ల నాయకుణ్ణి వాటేసుకుని ఏట్లోకి దూకుతా, పాచిక దొర్లి దొర్లి ఇరవై మీద ఆగింది, అంతకు మించిన అంకె ఆ పాచికకే లేదు, ముగ్గురూ పెట్టిన కేకకి పక్కింట్లో కుక్కర్ విజిల్ కూడా వినపడలేదు, నాయకుడు పోయాక మిగతావాళ్లు నిలబడతారా, పరుగో పరుగు, తోడేళ్లప్పటిలా చివరి తోక దాకా చంపించడం ఇక బంద్, గడియారం చూస్తే పద్దెనిమిది నిమిషాలు, తర్వాతేంది ఆంటీ, ఆ ఏట్లో ఏముంది, అని అభిరామ్ మోకాళ్ల మీద ముందుకు జరిగాడు, వాడి ఫోను ఎక్కడుందో వాడికే తెలియదు.

పాపం పిల్లలు, ఎక్కడ ఓడిపోతారోనని ఇన్నాళ్లూ తీరిగ్గా ఆలోచించుకోనిచ్చింది, ఆ తీరికంతా వాళ్లు భయపడటానికే వాడుకున్నారు, అది కాస్తా లాగేసుకుంటే ఏముంది, మెతక ప్రత్యూష ఏట్లోకి దూకింది.