దీపం ముందు పరీక్ష

జంగయ్య కడుపుమంటంతా రాఘవేంద్ర మీదే. ఫిల్మ్‌నగర్‌లో సినిమాలకు గ్రాఫిక్స్ చేసే స్టూడియో ఆయనది. దాని కిందంతస్తులో పాత కంప్యూటర్లున్న గదిని చూసుకునే పని జంగయ్యది. సినిమాలో మండే కోటలు, పరుగెత్తే గుర్రాలు అన్నీ ఆ గదిలోనే బొమ్మ కట్టాలి. ఈమధ్య ఆ పని నత్తనడక నడుస్తోంది. గది ఎత్తేసి పనంతా బయటి కంపెనీకి ఇచ్చేద్దామని రాఘవేంద్ర చూస్తున్నాడు. గది పోతే జంగయ్యా పోతాడు.

అడ్డుపడింది కమలాకర్ అనే ఇంజినీరు. రోగం మెషీన్లది కాదు, కెర్నల్‌ది అన్నాడు. ప్రోగ్రాములన్నిటికీ మెమొరీ పంచే పెత్తందారు అది. మెమొరీ నిండితే, వాడకుండా పడి ఉన్నది వెతికి వెనక్కి లాక్కుంటుంది. జంగయ్యకు దాన్ని ఇలా విడమరిచాడు.

"హోటల్ల టేబుళ్లు నిండినయ్ అనుకో అన్నా. తిన్నోళ్ల ప్లేట్లు తీస్తేనే కొత్తోళ్లు కూసుంటరు. గని అందరు ప్లేట్లే తీసుకుంట తిరిగితే బిర్యానీ ఎవడు తెస్తడు?"

"మరి నువ్వేం జేసినవ్?"

"ఏ ప్లేటు ఖాళీ అయిందో జల్ది కనిపెట్టేటట్టు మార్చిన. ఇగ ఆ పని ప్రాసెసర్‌ను ఎంతసేపు తింటదో కొలవాలె. అదే మెషీన్, అదే షాట్. పాత కెర్నల్‌తోని ఒకపారి, కొత్తదాంతోని ఒకపారి."

పాతదానితో కొలిస్తే, మెమొరీ వెనక్కి లాగడానికే ప్రాసెసర్ సమయం పన్నెండు నిమిషాలు పోయింది.

కొత్తదానితో పరీక్షకు రాఘవేంద్ర ముహూర్తం పెట్టించాడు. కమలాకర్ పై అంతస్తులో తన సీట్లోంచి పరీక్ష మొదలుపెడుతుంటే, ఆయన కింది గదికి దిగొచ్చి, మెషీన్‌కు బొట్టు పెట్టి, పక్కన స్టూలు మీద దీపం వెలిగించాడు. ఏసీ గాలికి వత్తి రెపరెపలాడింది.

"జంగయ్యా, ఆ ఏసీ కట్టెయ్. గాలికి దీపం కొండెక్కితే అపశకునం. నూనె అయిపోయి దానంతటదే ఆరేదాకా వెయ్యకు."

వేడెక్కితే మెషీన్లు నీరసిస్తాయని జంగయ్యకు తెలియక కాదు. యజమాని మాట, దేవుడి దీపం. స్విచ్ కట్టేశాడు.

పరీక్ష ముగిసేసరికి పదిహేడు నిమిషాలు చూపించింది. కమలాకర్ పరుగున కిందికొచ్చాడు. సెగ మొహానికి కొట్టింది.

"ఏందన్నా ఇది, మెషీన్ రూమా, ఇటుకబట్టీనా?"

ఏసీ వేసి, గది చల్లబడ్డాక మళ్లీ నడిపాడు. ఈసారి ఏడే. రాఘవేంద్రను కిందికి పిలిచి చూపించాడు.

"వేడికి ప్రాసెసర్ స్పీడ్ తగ్గించుకుంది సార్. అందుకే ఇందాక అంత చూపించింది."

"దేవుడి ముందు వచ్చింది పదిహేడు. నువ్వు తలుపేసుకుని తెచ్చింది ఏడు. దేన్ని నమ్మమంటావయ్యా? మార్నింగ్ షోకే టాక్ పోతే మ్యాట్నీకి ఎవడొస్తాడు?"

జంగయ్య ఉండబట్టలేకపోయాడు. "ఏసీ బంద్ జెయ్యమన్నది మీరే గద సార్."

"అంటే? దీపం పెట్టడం తప్పంటావా?"

అవునంటే పాపం, కాదంటే గది పోతుంది. జంగయ్య తల దించుకుని, "గీడ తప్పే సార్," అన్నాడు.

రాఘవేంద్ర బొట్టు పెట్టిన మెషీన్ వైపు తిరిగి లెంపలేసుకున్నాడు. మెట్లెక్కి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా పనంతా బయటి కంపెనీకి పోయింది, మెషీన్లు లారీ ఎక్కాయి. కమలాకర్‌కు గచ్చిబౌలిలో వేరే ఉద్యోగం దొరికింది. జంగయ్యకు పోయింది నెలకు ఇరవై రెండు వేల నాలుగు వందల రూపాయలు.